రేగు పూతలో చక్కెర

"చెయ్యి డబ్బా మీద పెట్టు, ముజ్నా," అన్నాడు నాన్న.

ముజ్నా చెయ్యి గౌను జేబులోంచి బయటికి రాలేదు.

"సిగ్గుపడుతోంది," అని నవ్వాడు కరామా బాబాయ్. "పదేళ్లకే తేనె తీసిన మొనగత్తెకి సిగ్గేంటే!"

రేగు చెట్ల మధ్య వేసిన డేరా ముందు చాప మీద గుండ్రటి రేకు డబ్బా ఉంది. అందులో అప్పుడే కోసిన తేనెపట్టు ఉంది. ఆ అంచు నుంచి ఈ అంచు దాకా నిండుగా, ఒక్క గది కూడా ఖాళీ లేకుండా ఉంది. డబ్బాకు అటువైపు ఫరజ్ మామ కూర్చున్నాడు. ఆయన రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి.

ఫరజ్ మామ లారీ డ్రైవరు. దోఆన్ లోయలో పూత ఎక్కడుంటే అక్కడికి అందరి తేనెపెట్టెలూ మోసుకెళ్లేది ఆయన లారీయే. ఈ ఏడు ఆయన కడుపులో పుండు పడింది. ఆసుపత్రి డాక్టరు దాన్ని అల్సర్ అన్నాడు. మాత్రలు ఇచ్చాడు. మిరపకాయ జోలికి పోవద్దన్నాడు.

"మాత్రలతో పాటు రేగు తేనె కూడా తాగు. పరగడుపున, గోరువెచ్చని నీళ్లలో, నలభై రోజులు," అంది ముజ్నా నాయనమ్మ. కడుపు మండితే ఈ లోయలో తాతల నాటి నుంచీ అందరూ చేసే పని అదే.

మందుకని ఎవరైనా తేనె అడిగితే ముజ్నా నాన్న అవద్ బేరం ఆడడు. కానీ రెండు పద్ధతులు మాత్రం తప్పడు. ఆ తేనెపట్టును ఇంట్లోవాళ్లెవరూ ముందు రుచి చూడకూడదు. రోగి ముంచే చెంచాయే మొదటి చెంచా కావాలి. తర్వాత, పెట్టె ఎవరిదో వాళ్లే ఆ పట్టు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయాలి.

ఈ పట్టు ముజ్నా పెట్టెలోది.

"నేనన్నట్టే అను తల్లీ," అన్నాడు నాన్న. ఆయన ముఖం వెలిగిపోతోంది. "రేగు పూసిన రోజు నుంచి ఈ పెట్టెకు చక్కెర తగల్లేదు. అల్లా మీద ఒట్టు."

 కానీ చక్కెర తగిలింది. ఒక్కసారి కాదు, అయిదుసార్లు.

పూత లేని నెలల్లో తేనెటీగలకు చక్కెర పాకం పెట్టడం తప్పేమీ కాదు. అందరూ పెడతారు. లేకపోతే పాపం, అవేం తిని బతుకుతాయి? కానీ కొమ్మల మీద రేగు పూలు కనిపించగానే నాన్న పెట్టెల్లో పాత తేనెంతా తీసేస్తాడు. చక్కెర బస్తాను ఊళ్లోకి పంపేస్తాడు. ఇక పూత రాలిపోయేదాకా డేరాలో టీలోకి కూడా చక్కెర ఉండదు. ఖర్జూరం కొరుక్కుంటూ టీ తాగాల్సిందే.

ఈ ఏడు నాన్న ఒక బలహీనమైన పెట్టెను ముజ్నాకి ఇచ్చాడు. "ఇది నీది. మంచీ చెడూ నువ్వే చూసుకో," అన్నాడు. పక్క డేరా కరామా బాబాయ్‌ది. ఆయన కూతురు షేఖాకి కూడా ఒక పెట్టె ఉంది. షేఖాకి పదకొండేళ్లు. నోరు మాత్రం నలభై ఏళ్లది.

"నీ పెట్టె ఎప్పుడైనా తట్టి చూశావా? డప్పులా మోగుతోంది," అంది షేఖా ఒక సాయంత్రం. "నీ ఈగలు కూడా నీలాగే పొద్దెక్కాక లేస్తాయేమో!"

పక్కనున్న పిల్లలంతా పకపకా నవ్వారు. ముజ్నాకి ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు బడిసంచీలో, లెక్కల పుస్తకం కింద, ఇంట్లోంచి చక్కెర పొట్లం కట్టి తెచ్చింది.

బడి వదిలాక, మధ్యాహ్నం పెద్దవాళ్లు నమాజుకు వెళ్లినప్పుడు కందిరీగలు పెట్టెల మీద పడకుండా తోలే పని ముజ్నాది. ఆ కాసేపూ అక్కడ ఇంకెవరూ ఉండరు. తన పెట్టెకు దగ్గరగా, నీళ్ల డ్రమ్ము వెనక ఒక గిన్నెలో పాకం కలిపింది. ఈగలు మునిగిపోకుండా అందులో గులకరాళ్లు వేసింది. అలా అయిదు మధ్యాహ్నాలు పెట్టింది.

అందరి పెట్టెలకంటే ముందు ముజ్నా పెట్టె నిండింది. షేఖా నోరు మూతపడింది. నాన్న కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు. అప్పుడు ముజ్నాకి చాలా బాగుంది. ఆ పట్టు మందుకు పోతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"చెప్పు తల్లీ," అన్నాడు నాన్న మళ్లీ.

అందరూ ఆమెనే చూస్తున్నారు. ముజ్నా డబ్బా మీద చెయ్యి పెట్టింది. నాన్న చెప్పిన మాటలన్నీ అప్పజెప్పింది. ఒట్టు అన్న మాట దగ్గర ఆమె గొంతు ఆమెకే వినిపించలేదు.

"నా బంగారు హకీమమ్మా, నా చిట్టి వైద్యురాలా!" అన్నాడు ఫరజ్ మామ. "నలభై రోజుల్లో నేను లేచి గంతులేస్తా చూడు."

*

బడికి వెళ్లే దారిలోనే ఫరజ్ మామ ఇల్లు. ఇంటి ముందు లారీ ఆగి ఉంటుంది. పొద్దున్నే లారీ మెట్టు మీద కూర్చుని, గ్లాసులో తేనె కలుపుకుంటూ ఆయన ముజ్నా కోసం చూస్తుంటాడు.

"ఇదిగో హకీమమ్మా, రెండో రోజు!" అని గ్లాసు ఎత్తి చూపించేవాడు. "అయిదో రోజు!" "ఏడో రోజు!"

ముజ్నా నవ్వీ నవ్వనట్టు నవ్వి పరుగెత్తేది. ఆయన అలా పిలిచినప్పుడల్లా ఆమెకు ఒళ్లంతా ముడుచుకుపోయేది. ఆయన ఏ రోజైనా తిట్టినా బాగుండేది. ఆయన మాత్రం రోజూ దీవించేవాడు.

ఫరజ్ మామ అందరిలాంటి తిండిమనిషి కాదు. మిరపకాయ పచ్చడి లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. రొట్టెలోకి పచ్చడి, చేపలోకి పచ్చడి, ఆఖరికి పుచ్చకాయలోకి కూడా పచ్చడే. అలాంటి మనిషి ఇప్పుడు చప్పటి అన్నం తింటున్నాడు. ఆయన భార్య జయూన్ అత్త పచ్చడి నూరే రాయిని తీసుకెళ్లి పుట్టింట్లో దాచేసింది.

అయినా నొప్పి తగ్గలేదు. పన్నెండో రోజు ముజ్నా అటుగా వెళ్లేసరికి లారీ దగ్గర పెద్ద గొడవ జరుగుతోంది.

"నిజం చెప్పు. ఎక్కడ తిన్నావు?" అని నిలదీస్తోంది జయూన్ అత్త.

"ముట్టలేదంటే వినవేంటే!"

"ముట్టకపోతే రాత్రంతా ఆ మూలుగుడేంటి? మాత్రలు నా చేత్తో ఇస్తున్నాను. తేనె నా కళ్లముందే తాగుతున్నావు. ఇంక మిగిలింది నీ నోరే!"

"మరి తేనే సరిగ్గా పనిచెయ్యట్లేదేమో!"

"చాల్లే ఊరుకో! అవద్ ఇంటి తేనెకు వంక పెడతావా? అంత చిన్నపిల్ల చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఆ పిల్ల అబద్ధమాడిందా, నువ్వాడుతున్నావా?"

ఎదురుగా టీకొట్టు దగ్గర నలుగురు కూర్చున్నారు. వాళ్లకిది మంచి కాలక్షేపం అయింది.

"ఫరజ్! పచ్చడి సీసా ఎక్కడ దాచావు? స్టీరింగ్ కిందా?" అని ఒకడు అరిచాడు.

"డీజిల్ ట్యాంకులో చూడండి!" అన్నాడు ఇంకొకడు.

ఫరజ్ మామ వాళ్లతో కలిసి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అంతలో ముజ్నా కనిపించింది.

"నువ్వయినా నమ్ముతావా, హకీమమ్మా?" అని అడిగాడు. "నేను మిరపకాయ వాసన కూడా చూడలేదు."

నమ్ముతాను అంటే చాలు. అది నిజం కూడా. ఆ నిజం తెలిసింది ఊరు మొత్తంలో ముజ్నా ఒక్కదానికే. కానీ ఆ మాట అంటే, ఎందుకు నమ్ముతావని జయూన్ అత్త అడుగుతుంది.

"బడికి టైమవుతోంది మామా," అంది ముజ్నా తన చెప్పుల వైపు చూస్తూ. తర్వాత వెనక్కి తిరగకుండా పరుగెత్తింది.

మర్నాటి నుంచి మసీదు వెనక సందులోంచి చుట్టు తిరిగి బడికి వెళ్లింది. ఆ దారిలో మేకల దొడ్డి ఉంది, బురద ఉంది. చెప్పులు పాడయ్యాయి. రెండుసార్లు ఆలస్యమై టీచరు చేత తిట్లు తింది. అవేవీ ఆమెకు పట్టలేదు. లారీ మెట్టు మీద గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తున్న మనిషే కళ్లముందు కనిపించేవాడు.

*

"ఏంటే, రొట్టె అలా చిదుపుతున్నావు? కోడిపిల్లలకు వెయ్యడానికా?" అంది నాయనమ్మ.

పదహారో రోజు రాత్రి భోజనాలవి. నాన్న డేరాలోనే ఉన్నాడు. పూత అయిపోవచ్చింది, మిగతా పెట్టెలన్నీ కోస్తున్నాడు. ఇంట్లో వాళ్లిద్దరే.

"నాయనమ్మా, రేగు పూతలో చక్కెర తిన్న ఈగల తేనె దేనికైనా పనికొస్తుందా?"

"రొట్టెలోకి భేషుగ్గా పనికొస్తుంది."

"మందుకి?"

"మందుకి ఇవ్వం."

"ఇస్తే ఏమవుతుంది? చచ్చిపోతారా?"

నాయనమ్మ నవ్వింది. "చక్కెరకి ఎవరు చస్తారే! అసలు ఏ తేనె ఎంత పనిచేస్తుందో నేను చెప్పలేను. నేనేమైనా డాక్టర్నా? అందుకేగా ఫరజ్‌కి మాత్రలు మానొద్దని నాలుగుసార్లు చెప్పింది."

"మరి ఆ ఒట్టు ఎందుకు?"

నాయనమ్మ చేపముక్కలో ముల్లు తీసి ముజ్నా పళ్లెంలో పెట్టింది.

"నొప్పితో ఉన్నవాడు మనల్ని నమ్మి వస్తాడు. వాడి చేతిలో ఒకటి పెట్టి, అది ఇంకోటని చెప్పామనుకో. తగ్గకపోతే వాడు ఎవర్ని అనుమానిస్తాడు? మనల్నయితే అనుమానించడు కదా. తన్నే అనుమానించుకుంటాడు." నాయనమ్మ ఆగి మనవరాలి ముఖంలోకి చూసింది. "ఎందుకడిగావు?"

"ఊరికే."

 నాయనమ్మ ఇంకొక్క మాట అడిగి ఉంటే ముజ్నా అప్పుడే ఏడ్చేసేది. చేపముక్క పళ్లెంలో చల్లారిపోయింది.

*

మర్నాడు శుక్రవారం. బడి లేదు. ముజ్నా మసీదు సందులోకి తిరగలేదు. నేరుగా లారీ దగ్గరికి వెళ్లింది.

ఫరజ్ మామ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఈ అయిదు రోజుల్లో బుగ్గలు ఇంకా లోపలికి పోయాయి. చేతిలో గ్లాసు ఉంది.

"ఎక్కడికి పోయావు హకీమమ్మా? పదిహేడో రోజు," అన్నాడు. గ్లాసు మాత్రం ఎత్తి చూపించలేదు.

"అది తాగకు మామా."

"ఎందుకని?"

ముజ్నా రాత్రంతా మాటలు కూర్చుకుంది. అవన్నీ ఇప్పుడు ఎటో పోయాయి.

"నువ్వు మిరపకాయ తినలేదు. నాకు తెలుసు," అంది. "ఆ తేనెలో చక్కెర ఉంది. నేనే పెట్టాను. షేఖా పెట్టెకంటే నా పెట్టె ముందు నిండాలని పెట్టాను. ఒట్టు కూడా అబద్ధమే వేశాను."

ఫరజ్ మామ ఆమె వంక కళ్లార్పకుండా చూశాడు. తర్వాత గబుక్కున లేచి నిలబడ్డాడు.

"జయూన్! ఒసే జయూన్! ఇలా రా! ఈ పిల్ల ఏమంటోందో విను! నేను ముట్టలేదు! పదిహేడు రోజులు! వాసన కూడా చూడలేదు!" ఒక చెయ్యి పొట్టకు అదుముకుని, రెండో చెయ్యి గాలిలో ఊపుతూ ఇంటివైపు అరిచాడు. టీకొట్టువైపు తిరిగి కూడా అరిచాడు. పొద్దున్నే కాబట్టి అక్కడ ఎవరూ లేరు.

జయూన్ అత్త పిండి చేతులతోనే బయటికి వచ్చింది. ముజ్నా మళ్లీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టంగా ఉంది.

అత్త మొగుడి వైపు చూసింది.

"నిన్ను ఎన్నెన్ని మాటలన్నాను," అంది. వెళ్లి మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది.

ఫరజ్ మామ ఉత్సాహం కూడా దిగిపోయింది.  ఒక దెబ్బ వేసినా బాగుండునని ముజ్నాకి అనిపించింది.

"నొప్పి సంగతి సరే, ముజ్నా," అన్నాడు ఆయన చివరికి. "నొప్పికి నేను అలవాటు పడ్డాను. నిజం చెబుతుంటే ఒక్కరూ నమ్మలేదు చూడు, అది తట్టుకోలేకపోయాను. నాకే అనుమానమొచ్చింది. నిద్రలో లేచి తింటున్నానేమో అనుకున్నాను."

ఈసారి ఆయన పేరుపెట్టి ముజ్నా అన్నాడు. హకీమమ్మా అనలేదు. ముజ్నాకి కళ్లు మండాయి. ఏడవకూడదని పెదవి కొరుక్కుంది కానీ ఏడుపు ఆగలేదు.

"మీ నాన్నకి తెలుసా?"

"తెలీదు. నువ్వు చెప్తావా మామా?"

"నేను చెప్పను." ఫరజ్ మామ గ్లాసు పక్కన పెట్టాడు. "తరీం పట్నం నుంచి మూలికల దుకాణం హాజీ వచ్చాడు. మీ నాన్న డబ్బాలు లారీకెక్కించడానికి నేనిప్పుడు డేరా దగ్గరికే పోతున్నాను. నువ్వు ఇంటికి పోతావా, బండి ఎక్కుతావా?"

ముజ్నా గౌనుతో ముఖం తుడుచుకుంది. బండి ఎక్కింది.

*

వాళ్లు వెళ్లేసరికి డేరా ముందు చాపలు పరిచి ఉన్నాయి. వాటి మీద రేకు డబ్బాలు వరసలుగా ఉన్నాయి. నాన్నవి ఇరవై పెట్టెలు. ఆ ఇరవై పెట్టెల ఏడాది కష్టమంతా ఆ చాపల మీదే ఉంది. హాజీ వంగి ఒక్కో డబ్బానూ చూస్తున్నాడు. ఆయన మెత్తటి మనిషి. లోయలో కడుపునొప్పి వచ్చినవాళ్లు, దగ్గు పట్టినవాళ్లు అందరూ ఆయన దుకాణానికే వెళతారు.

"బాగున్నాయి అవద్. అన్నీ మందుకే ఇస్తాను," అన్నాడు హాజీ. "ఇక నీ మాట చెప్పు, ఎత్తిద్దాం."

నాన్న చేతులు కడుక్కుని వచ్చాడు. మొదటి డబ్బా మీద చెయ్యి పెట్టబోయాడు.

"నాన్నా, వద్దు! ఒట్టు వెయ్యకు!"

అందరూ తిరిగి చూశారు. నాన్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఏమైంది తల్లీ? నాయనమ్మకు బాగానే ఉందా?"

"నా పెట్టెకు చక్కెర పెట్టాను. పూతలో." ముజ్నా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "ఫరజ్ మామ దగ్గర అబద్ధం ఒట్టు వేశాను. మామ మిరపకాయ తినలేదు. అందరూ మామనే తిట్టారు."

నాన్న ఫరజ్ వైపు చూశాడు. ఫరజ్ నేలవైపు చూశాడు. ముజ్నా మాత్రం నాన్న ముఖమే చూస్తోంది. ఆ ముఖంలో ఇన్నాళ్లూ ఉన్న వెలుగు ఆరిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఇంతకంటే పెద్ద శిక్ష ఆమెకు ఎవరూ వేయలేరు.

హాజీయే ముందు మాట్లాడాడు. "పోనీలే అవద్. చిన్నపిల్ల. తన పెట్టె ఒక్కటేగా? దాని డబ్బాలేమైనా ఉంటే పక్కన పెట్టెయ్. మిగతావాటికి ఏమైంది, బంగారంలా ఉన్నాయి."

ఫరజ్ మామ కూడా తలూపాడు.  ఇక గొడవ తీరిపోయింది అనుకుంది ముజ్నా.

నాన్న మాత్రం చాప దగ్గరే నిలబడి ఉన్నాడు.

"పాకం ఎక్కడ పెట్టావు?" అని అడిగాడు. "పెట్టె లోపలా, బయటా?"

 తేనెటీగల ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా ఆ ప్రశ్న అర్థమవుతుంది. లోపల పెడితే ఆ ఒక్క పెట్టెలోని ఈగలే తింటాయి. బయట పెడితే వాసనకు చుట్టుపక్కల అన్ని పెట్టెల ఈగలూ వచ్చి వాలతాయి. ఎవరి పెట్టెలోకి ఎంత చక్కెర పోయిందో ఇక ఏ మొనగాడూ చెప్పలేడు. నాన్న ఇరవై పెట్టెల సంగతీ అంతే, పక్కనున్న కరామా బాబాయ్ పెట్టెల సంగతీ అంతే.

లోపల అంటే చాలు. గిన్నెను ఎవరూ చూడలేదు. హాజీ డబ్బాలు ఎత్తించుకుంటాడు. నాన్న ముఖం మళ్లీ మామూలుగా అవుతుంది. ఇంతకీ తను తప్పు ఒప్పుకుంది కదా, ఇంకా ఎంత ఒప్పుకోవాలి?

ఆ డబ్బాలు తరీం పోతాయి. అక్కడ పొట్ట పట్టుకుని కూర్చున్న ఎవరో పొద్దున్నే గ్లాసులో కలుపుకుంటారు.

"బయట," అంది ముజ్నా. "నీళ్ల డ్రమ్ము వెనక. అన్ని పెట్టెల ఈగలూ వచ్చాయి నాన్నా. నేను చూశాను."

నాన్న చాప మీద కూర్చుండిపోయాడు. చాలాసేపు డబ్బాల వైపు చూస్తూ ఉన్నాడు. 

"హాజీ గారూ," అన్నాడు నాన్న. "ఈ ఏడు నా తేనె రొట్టెలోకి తీసుకెళ్లండి. అడిగినవాళ్లకు అలాగే చెప్పి ఇవ్వండి. మందుకి నేను మాట ఇవ్వలేను."

"ఒక్క గిన్నె పాకం, అవద్. ఇన్ని డబ్బాల్లో అదెంత?"

"ఎంతో నాకు తెలీదు. అందుకే ఇవ్వలేను."

హాజీ నిట్టూర్చాడు. "సరే. రొట్టెలోకే," అన్నాడు.

నాన్న ఫరజ్ మామ దగ్గరికి వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నిరుటి తేనె ఇంట్లో జాడీ అడుగున కొంత ఉంది. అది నీకే. నన్ను క్షమించు ఫరజ్. రేపు పొద్దున టీకొట్టు దగ్గర అందరి ముందూ నేనే చెబుతాను, నువ్వు మిరపకాయ ముట్టలేదని."

"గట్టిగా చెప్పు," అన్నాడు ఫరజ్ మామ. "వాళ్లకి కాస్త చెవుడు."

ఎవరూ పెద్దగా నవ్వలేదు. నాన్న ముజ్నాని తిట్టలేదు, కొట్టలేదు. ఆమె వైపు చూడకుండా తలపాగా సరిచేసుకున్నాడు.

"కరామాకి చెప్పాలి. వాడు రేపో ఎల్లుండో తన డబ్బాల మీద ఒట్టు వేస్తాడు," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "నువ్విక్కడే ఉండు. అక్కడ షేఖా ఉంటుంది. నేను వెళ్లొస్తాను."

ఇంత జరిగాక కూడా నాన్న తన పరువు కాపాడాలనే చూస్తున్నాడు. ముజ్నాకి అది తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. అయినా పరుగున వెళ్లి నాన్న చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేనే చెబుతాను నాన్నా."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

నాన్న ఆమె ముఖంలోకి చూశాడు. అంతసేపట్లో చూడటం అదే మొదటిసారి. తర్వాత పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

రెండు డేరాల మధ్య దూరం యాభై అడుగులు కూడా ఉండదు. ముజ్నాకి అది చాలా దూరంగా అనిపించింది.  అయినా ఆగలేదు.

షేఖా డేరా గుమ్మంలో కూర్చుని జడ అల్లుకుంటోంది. ముజ్నాని చూసి నోరు తెరిచింది. ఏదో ఎకసెక్కం ఆడటానికే అయి ఉంటుంది.

"మీ నాన్నని పిలువు, షేఖా," అంది ముజ్నా. "నువ్వు కూడా ఇక్కడే ఉండు. ఇది మీ ఇద్దరికీ చెప్పాలి."